బ్రెజిల్ పాటల్లో మరుగున పడిన మంచి ఆల్బమ్‌లు ఎలా పట్టుకోవాలి?

వానకోయిల:

అందరిలాగే నేనూ బోసానోవాతోనే, అంటే బ్రెజిల్ వాళ్ల మెల్లటి గిటార్ పాటలతోనే మొదలుపెట్టాను. జొవావ్ జిల్బెర్తో, జొబిమ్, ఆ తర్వాత కాస్త ఎలిస్ రెజీనా. అక్కణ్నుంచి మిల్టన్ నసిమెంటో, లో బోర్జెస్ కలిసి 1972లో చేసిన 'క్లూబె ద ఎస్కీనా' దగ్గరికి వచ్చి ఆగిపోయాను. రెండు రికార్డుల ఆల్బమ్, 21 పాటలు, ఒక్కటి కూడా దాటేయబుద్ధి కాదు. ఇలాంటి సంగీతం ఒక్కచోటే పుట్టి ఆగిపోయి ఉండదు కదా, దీని చుట్టూ ఇంకెంత ఉందో అని ఒకటే తపన.

ఎక్కడ వెతికినా మాత్రం అవే పేర్లు వస్తున్నాయి. 2007లో బ్రెజిల్ రోలింగ్ స్టోన్ పత్రిక వంద ఆల్బమ్‌ల జాబితా వేసింది. నోవోస్ బయానోస్ వాళ్ల 'అకబో షొరారె'కి మొదటి స్థానం ఇచ్చింది. అది గొప్ప ఆల్బమే, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్వాత చూసిన జాబితాలన్నీ దాన్నే అటూ ఇటూ మార్చినట్టున్నాయి. పాటల యాప్ సంగతి చెప్పక్కర్లేదు. నేనేం విన్నా చివరికి బీచ్, గిటార్, మెల్లటి గొంతు దగ్గరికే లాక్కెళ్తోంది.

నాకు పోర్చుగీసు రాదు. ఇంకో జాబితా ఇవ్వకండి, దయచేసి దారి చెప్పండి. అప్పట్లో ఎవరికీ పట్టకుండా పోయి, ఇప్పుడు వింటే ఒళ్లు జలదరించే ఆల్బమ్‌లను మీరు ఎలా పట్టుకుంటారు?

తాళం:

వానకోయిల గారూ, నేను డ్రమ్స్ వాయిస్తాను. అందుకని నా దారి మొదట్నుంచీ ఒకటే: అట్ట ముందు ఎవరి బొమ్మ ఉందో వదిలేసి, వెనకాల చిన్న అక్షరాల్లో ఎవరెవరు వాయించారో చూస్తాను. బ్రెజిల్ సంగీతంలో ఈ పద్ధతి పనిచేసినట్టు ఇంకెక్కడా పనిచేయదని నా గట్టి నమ్మకం. 1960లు, 70లలో రియోలో స్టూడియోల్లో తిరిగిన వాద్యకారులు ఒక చిన్న గుంపు. పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి వాయించేవాళ్లు. గాయకుడికి పేరొచ్చిన ఆల్బమ్ జాబితాలకెక్కింది. అదే డ్రమ్మరు, అదే శాక్సఫోన్ ఉండి, గాయకుడికి పేరు రాని ఆల్బమ్ అరల్లో దుమ్ము పట్టింది. వాయింపులో తేడా ఏం లేదు.

మీరు ఆగిన చోటు నుంచే మొదలుపెడదాం. 'క్లూబె ద ఎస్కీనా'లో డ్రమ్స్ దగ్గర రొబెర్తీన్యో సిల్వా పేరు కనిపిస్తుంది. ముందు ఈయన్ని పట్టుకుని ఒక్క అడుగు పక్కకి వేయండి. మరుసటి ఏడాది, 1973లో, మిల్టన్ 'మిలాగ్రె దోస్ పేషెస్' అని ఒక ఆల్బమ్ చేశాడు. అప్పుడు సైనిక ప్రభుత్వం. మూడు పాటల మాటలకు సెన్సార్ వాళ్లు అడ్డం పడ్డారు. మాటలు మార్చి రాయించడానికి మిల్టన్ ఒప్పుకోలేదు. మాటలు తీసేసి, ఉత్త గొంతుతో పాడాడు. కూతలు, కేకలు, పై స్థాయిలో సన్నటి రాగం, వెనకాల తాళవాద్యాల హోరు, అంతే. నోరు నొక్కినా ఆ మనిషి చెప్పదలచుకున్నది ఎలా చెప్పాడో వినండి. మీకు పోర్చుగీసు రాదన్నారు కదా, ఈ ఆల్బమ్‌కి ఆ బెంగే అక్కర్లేదు.

ఇప్పుడు అదే రొబెర్తీన్యో పేరు పట్టుకుని ఇంకో గదిలోకి వెళ్దాం. 1972లోనే కాంటినెంటల్ కంపెనీ ఆర్తుర్ వెరొకాయ్ అనే అరేంజరుతో (పాటలో ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసే మనిషి) ఒక ఆల్బమ్ వేసింది. ఆల్బమ్ పేరు కూడా ఆయన పేరే. మొత్తం అరగంట కూడా ఉండదు. ఆ అరగంటలో సాంబా ఉంది, జాజ్ ఉంది, అమెరికా సోల్ ఉంది, వీటన్నిటి మీదుగా వయొలిన్లు ఉన్నాయి. పాట కింద మెత్తగా పరిచిన వయొలిన్లు కావివి. మొదటి పాట 'కబోక్లో' వినండి. గిటార్, గొంతు నెమ్మదిగా నడుస్తుంటాయి. వయొలిన్లు ఎక్కడి నుంచో పక్కవాటుగా వచ్చి, స్వరానికి ఆనీ ఆననట్టు గీరుకుంటూ పోతాయి. 'కరీనా' దగ్గరికొచ్చేసరికి మాటలు ఆగిపోయి జాజ్ బ్యాండ్ విజృంభిస్తుంది. ఆ పాటలో డ్రమ్స్ కోసమే నేను ఆల్బమ్ మళ్లీ మళ్లీ పెట్టుకుంటాను.

అప్పట్లో దీన్ని ఎవరూ కొనలేదు. ఆ ఏడాది సంగతి కూడా చూడాలి. ఒక్క 1972లోనే 'క్లూబె ద ఎస్కీనా', 'అకబో షొరారె', కైతానో వెలోజో 'ట్రాన్సా', జిల్బెర్తో జిల్ 'ఎస్ప్రెసో 2222' వచ్చాయి. తెర వెనక మనిషి తొలి ఆల్బమ్ ఆ వరదలో ఎక్కడ తేలుతుంది? వెరొకాయ్ ప్రకటనలకి సంగీతం చేసుకుంటూ ఏళ్లకేళ్లు గడిపాడు. తర్వాత అమెరికా హిప్‌హాప్ వాళ్లు ఆ వయొలిన్ ముక్కల్ని కోసి తమ పాటల్లో వాడుకోవడం మొదలుపెట్టారు. 2003లో కాలిఫోర్నియా కంపెనీ ఒకటి ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేసింది. 2009లో లాస్ ఏంజెలెస్‌లో ఆయనే పూర్తి ఆర్కెస్ట్రా పెట్టుకుని ఆ పాటలు వాయించాడు. ఇది తలుచుకుంటే నాకు సంతోషమూ, కోపమూ ఒకేసారి వస్తాయి. ఆ మధ్య ముప్పయ్యేళ్లలో ఆయన ఎన్ని ఆల్బమ్‌లు చేసి ఉండేవాడో కదా!

వెరొకాయ్ ఆల్బమ్‌లో శాక్సఫోన్ వాయించిన వాళ్లలో ఒబెర్దాన్ మగల్యాయిన్స్ ఒకడు. ఈయన పేరు పట్టుకుంటే 1971కి, 'దోం సాల్వదోర్ ఎ అబొలిసావ్' అనే బృందం దగ్గరికి చేరతాం. ఆల్బమ్ పేరు 'సోమ్, సాంగె ఎ రాసా'. నల్లజాతి సంగీతకారులు ఒకచోట చేరి, సాంబానీ సోల్, ఫంక్ సంగీతాలనీ కలిపి మరిగించిన ఆల్బమ్ ఇది. ఒబెర్దాన్ తర్వాత 'బాందా బ్లాక్ రియో' పెట్టి, 1977లో 'మరియా ఫుమాసా' చేశాడు. దానికి మంచి పేరొచ్చింది. దాని వేళ్లు మాత్రం ఈ 1971 ఆల్బమ్‌లోనే ఉన్నాయి. పియానో వాయించిన దోం సాల్వదోర్ ఆ తర్వాత అమెరికా వెళ్లిపోయి, బ్రూక్లిన్ వంతెన పక్కన ఒక రెస్టారెంట్‌లో దశాబ్దాల తరబడి వాయించాడు. అక్కడ భోంచేసిన వాళ్లలో ఎంతమందికి తెలుసో, తమకి పియానో వినిపిస్తున్నది ఎవరో!

ఇక్కడి నుంచి దారి నా ఇష్టదైవం దగ్గరికి పోతుంది. దోం సాల్వదోర్ అంతకుముందు 'రియో 65 ట్రియో'లో ఉండేవాడు. అందులో డ్రమ్మర్ ఎడిసన్ మషాదో. బోసానోవా డ్రమ్స్ అంటే మీ చెవికి తెలిసింది ఏమిటి? డ్రమ్ పుల్లను స్నేర్ అనే చిన్న డ్రమ్ము అంచు మీద అడ్డంగా పెట్టి టిక్కు టిక్కుమనిపించడం. గాయకుడి నిద్ర చెడగొట్టకుండా వాయించినట్టు ఉంటుంది. మషాదో సాంబా నడకని తీసుకెళ్లి పెద్ద తాళపు పళ్లెం మీద పెట్టాడు. ఒక్కసారిగా గది తలుపులన్నీ తెరుచుకున్నట్టు ఉంటుంది. 1964లో ఆయన పేరు మీద వచ్చిన 'ఎ సాంబా నోవో' వినండి. మొదటి పాట మొదటి నిమిషంలోనే సంగతి తెలిసిపోతుంది. ఆ ఆల్బమ్‌లో పియానో తెనోరియో జూనియర్‌ది. ఆయన సొంతంగా చేసిన ఆల్బమ్ ఒక్కటే, 'ఎంబాలో', అదీ 1964దే. 1976 మార్చిలో బోసానోవా పాటల కవి వినీసియస్ ద మొరాయిస్ బృందంతో కచేరీలకని బ్యూనస్ ఎయిరెస్ వెళ్లాడు. ఒక రాత్రి హోటల్ నుంచి బయటికెళ్లి మరి తిరిగి రాలేదు. అర్జెంటీనాలో సైనిక కుట్ర జరగడానికి కొన్ని రోజుల ముందు సంగతి ఇది. 'ఎంబాలో' వినేటప్పుడు ఇది మనసులోంచి పోదు. అయినా వినాలి, ఆ పియానోలో అంత హుషారు ఉంది.

'ఎ సాంబా నోవో'లో కొన్ని పాటలకి అరేంజ్‌మెంట్ మొఆసిర్ సాంటోస్‌ది. ఆయన 1965లో ఫోర్మా కంపెనీకి చేసిన 'కోయిజాస్' దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్లాలనే ఇదంతా రాసుకొచ్చాను. పెర్నంబుకో రాష్ట్రపు ఎండు నేలల్లో పుట్టి, చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని, ఊరి బ్యాండుల్లో వాయిస్తూ రియో రేడియోకి చేరిన మనిషి. గిటారిస్టు బాదెన్ పవెల్ లాంటి వాళ్లకి పాఠాలు చెప్పాడు. కోయిజా అంటే పోర్చుగీసులో 'వస్తువు'. ఆల్బమ్‌లో పదీ పది కోయిజాలే. పేర్లు లేవు, అంకెలే. ఆ అంకెలు కూడా వరసలో ఉండవు, నాలుగోదానితో మొదలవుతుంది. కింది స్థాయి వాద్యాలు ఒకే వరసని పట్టుకుని బరువుగా నడుస్తుంటాయి. దాని మీద ఇంకో లెక్కలో ఇత్తడి వాద్యాలు లేస్తాయి. రెండు లెక్కలూ ఎక్కడ కలుస్తాయా అని కాలితో తాళం వేస్తూ కూర్చుంటే పాట అయిపోతుంది. ఆఫ్రికా తాళమూ, పెద్ద జాజ్ ఆర్కెస్ట్రా చదువూ ఇంత నిండుగా కలిసిన ఆల్బమ్ నాకు ఇంకోటి తెలీదు.

'క్లూబె ద ఎస్కీనా' నుంచి 'కోయిజాస్' దాకా ఏ జాబితా చూడకుండానే వచ్చేశాం. పట్టుకున్నది మనుషుల పేర్లు మాత్రమే.

ఏడోతీగ:

తాళం గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను సాంబా మనిషిని. నా దారి నిర్మాతల పేర్ల మీదుగా పోతుంది.

జొవావ్ కార్లోస్ బొతెజెల్లి అని ఒకాయన, అందరూ పెలావ్ అంటారు. ఈ ఒక్క పేరు పట్టుకోండి చాలు. కార్తోలా పేరు మీరు వినే ఉంటారు. రియో కార్నివాల్‌లో ఆడిపాడే మంగేరా బృందాన్ని (వాళ్లు దాన్ని సాంబా స్కూల్ అంటారు) 1928లో స్థాపించిన వాళ్లలో ఒకడు. ఎన్నో గొప్ప పాటలు కట్టి కూడా మధ్యలో మాయమైపోయి, 1950లలో కార్లు కడుగుతూ ఒక జర్నలిస్టు కంటపడ్డాడు. ఆయన సొంత గొంతుతో మొదటి ఎల్పీ వచ్చింది 1974లో. అప్పటికి ఆయనకి 65 ఏళ్లు. ఆ ఆల్బమ్ చేయించింది పెలావే. ఇంకా 1973లో నెల్సన్ కవాకీన్యో ఆల్బమ్, 1974లో సావ్ పావ్లో వీధుల కవి అదొనిరాన్ బర్బోజా మొదటి ఎల్పీ, రెండూ ఆయన చేతి మీదుగా వచ్చినవే. అరవై దాటిన ముగ్గురు పెద్దమనుషుల గొంతులు పాలిష్ పెట్టకుండా ఉన్నవి ఉన్నట్టు మనదాకా వచ్చాయంటే పుణ్యమంతా ఆయనదే.

నా ఓటు నెల్సన్‌కి. బొంగురు గొంతు, బొటనవేలూ చూపుడువేలూ రెండే వాడి గిటార్‌ని గిల్లే పద్ధతి. తీగ ఎక్కడ తెగుతుందో అన్నట్టుంటుంది. చావు గురించి ఇంత మామూలుగా పాడిన మనిషి ఇంకొకరు లేరు. బోసానోవా గొంతులు విన్న చెవికి మొదట ఇబ్బందిగానే ఉంటుంది. ఆపేయకండి.

కార్తోలా ఆల్బమ్‌లో ఒక పని చేయండి. ఒకసారి గొంతుని వదిలేసి, కింద ఏడు తీగల గిటార్ ఏం చేస్తోందో మాత్రమే వినండి. అది దీనో. ఆల్బమ్ అరేంజ్‌మెంటూ ఆయనదే. గాయకుడు ఊపిరి తీసుకునే ప్రతి చోటా ఆ మంద్రపు తీగ కిందికి దిగి, మాట అందుకుని, మళ్లీ గాయకుడికే అప్పగిస్తుంది. ఇది ఒకసారి చెవికి పడితే సాంబా అంతా వేరేగా వినిపిస్తుంది.

ఇసుకతీరం:

ఇద్దరూ రియో, సావ్ పావ్లో దాటి రాలేదు! బ్రెజిల్ ఈశాన్యం సంగతి ఎవరూ ఎత్తలేదేం? అక్కడి ఆల్బమ్‌లు పేర్ల దారిలో దొరకవు. వాళ్లు వేరే గుంపు, వేరే స్టూడియో.

రెసీఫె నగరంలో రొజెన్‌బ్లిత్ అని ఒక రికార్డుల ఫ్యాక్టరీ ఉండేది. 1975లో లూలా కోర్తెస్, జే రమాల్యో అక్కడ 'పాయెబిరూ' చేశారు. రెండు రికార్డులు, నాలుగు ముఖాలు: భూమి, గాలి, నిప్పు, నీరు. పరైబా రాష్ట్రంలో ఇంగా అనే చోట పాతకాలపు గుర్తులు చెక్కిన పెద్ద బండ ఉంది. దాన్ని చూసొచ్చిన ఊపులో చేశారు. ఆ ఏడాదే కపిబరీబె నదికి వరదొచ్చి ఫ్యాక్టరీ మునిగింది. అచ్చేసిన సుమారు 1300 ప్రతుల్లో దాదాపు 1000 నీళ్లపాలయ్యాయి. అందుకే మొదటి ముద్రణ ప్రతి బ్రెజిల్ రికార్డులన్నిటిలోకీ ఖరీదైనదిగా పేరుపడింది. మంచి సంగతేంటంటే తర్వాత మళ్లీ ముద్రించారు, ఎవరైనా వినొచ్చు. భూమి ముఖం నుంచే మొదలుపెట్టండి. వేణువులు, పక్షుల కూతలు, చెడిపోయినట్టు అరిచే గిటార్. తాళం గారి లెక్కలు ఇక్కడ పనిచేయవు, ఒప్పుకుని కూర్చోవాల్సిందే.

బాయియా రాష్ట్రం వైపు వస్తే కషొయేరా అనే ఊరి బృందం ఓస్ తింకొవాస్. మొదట్లో బొలేరోలు, అంటే నెమ్మదైన ప్రేమపాటలు పాడేవాళ్లు. 1973 ఆల్బమ్‌కి వచ్చేసరికి ఆఫ్రికా మూలాలున్న కాందోంబ్లే మతం పూజల్లో పాడే పాటల్ని మూడు గొంతుల శ్రుతిలో కట్టారు. మొదటి పాట 'దేషా ఆ జీరా జిరార్'. గిటార్, చేతి డోళ్లు, మూడు గొంతులు, ఇంతే. గుడి వాతావరణం చెడకుండా స్టూడియోలోకి తేవడం ఎలాగో ఇది వింటే తెలుస్తుంది. నాకు మనసు బాగోనప్పుడు ఈ ఆల్బమే దిక్కు.

తొమ్ జే మాట కూడా చెప్పి ఆపేస్తాను. 1976లో 'ఎస్తుదాందో ఓ సాంబా' చేశాడు. అట్ట మీద ముళ్లతీగ, తాడు. జనం పట్టించుకోలేదు. 1980లలో అమెరికా రాక్ సంగీతకారుడు డేవిడ్ బర్న్ రియోలో సాంబా రికార్డులు వెతుక్కుంటూ అట్ట చూసి కొన్నాడు. 1990లో తన కంపెనీ తరఫున తొమ్ జే పాటల సంకలనం వేశాడు. అప్పటికి తొమ్ జే సంగీతం వదిలేసి, సొంతూరు ఇరారా వెళ్లి బంధువుల పెట్రోల్ బంకులో పని చూసుకుందామనుకుంటున్నాడు. అరలో ఒక రికార్డు బయటికి తీయడం వల్ల ఒక మనిషి బతుకు ఇలా మారింది. అందుకని తాళం గారూ, అట్ట ముందు బొమ్మని కూడా మరీ అంత తీసిపారేయకండి!

వానకోయిల:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. వెరొకాయ్, 'సోమ్, సాంగె ఎ రాసా', తింకొవాస్ విన్నాను. వెరొకాయ్ వయొలిన్ల గురించి తాళం గారు రాసింది చదివి వింటే, అవి వచ్చే చోట నిజంగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. తింకొవాస్ అయితే పని పక్కన పెట్టేసి విన్నాను.

రెండు ఇబ్బందులు. యాప్‌లో ఎవరు వాయించారో చాలా ఆల్బమ్‌లకి చూపించడం లేదు. పైగా 1972 ఆల్బమ్‌కి మళ్లీ విడుదల చేసిన ఏడాది వేస్తున్నారు. ఆల్బమ్ పేరూ గాయకుడి పేరూ ఒకటే అయితే ఏది ఏదో తెలీడం లేదు. మీరంతా ఆ పేర్లు ఎక్కడ చూస్తారు? ఇంకోటి, 'కోయిజాస్' వెతికితే పాతదానితో పాటు 2001ది ఒకటి కనిపిస్తోంది. ఏది వినాలి?

తాళం:

ఇసుకతీరం గారూ, ముళ్లతీగ విషయంలో మీ మాటే నెగ్గింది.

వానకోయిల గారూ, పేర్ల కోసం నేను ముందు డిస్కాగ్స్ అనే రికార్డుల వివరాల వెబ్‌సైట్ చూస్తాను. అక్కడ మొదటి ముద్రణ పేజీకి వెళ్లి, అట్ట వెనక ఫొటో పెద్దది చేసుకుని చదువుతాను. కింద టైపు చేసిన వివరాల్లో పేర్లు సగమే ఉంటాయి, ఫొటోలో అన్నీ ఉంటాయి. బ్రెజిల్ వాళ్లదే 'ఇన్‌స్తితూతో మెమోరియా ముజికల్ బ్రజిలేరా' అని ఒక సంస్థ ఉంది. దేశంలో వచ్చిన రికార్డుల్లో చాలావాటికి వెబ్‌సైట్‌లో పట్టిక పెట్టింది. గాయకుడి పేరు కొడితే ఏ ఏడాది ఏది వచ్చిందో వరసగా కనిపిస్తుంది. ఒకే పేరుతో నాలుగు ఆల్బమ్‌లు ఉన్నవాళ్ల దగ్గర ఇది ప్రాణం కాపాడుతుంది. పేరు పక్కన ఏడాది రాసుకోవడం అలవాటు చేసుకోండి, బ్రెజిల్ వాళ్లు కూడా అలాగే చెప్పుకుంటారు.

తితాన్స్ రాక్ బృందంలో ఒకప్పటి డ్రమ్మర్ షార్లెస్ గావిన్ పేరు గుర్తుపెట్టుకోండి. డ్రమ్మర్ అని పక్షపాతం కాదు! మూలపడ్డ ఆల్బమ్‌లని ఆయన కంపెనీల గోదాముల్లోంచి తీయించి సీడీలుగా వేయించాడు. 'ఓ సోమ్ దో వినిల్' అనే టీవీ కార్యక్రమం నడిపాడు. ఒక్కో భాగంలో ఒక్కో ఆల్బమ్ తీసుకుని, దాన్ని చేసిన వాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడించాడు. పోర్చుగీసు రాకపోయినా చూడండి. ఒక పెద్దాయన యాభై ఏళ్ల నాటి వరస గిటార్ మీద పట్టి చూపిస్తుంటే మాటలతో పనేముంది?

'కోయిజాస్' అయితే 1965దే ముందు. 2001లో వచ్చింది వేరే ఆల్బమ్, దాని పేరు 'ఔరో నెగ్రో'. మొఆసిర్ రాసుకున్న పాత నొటేషన్ పోయింది. మారియో అద్నె, జే నొగేరా రికార్డులు వింటూ ప్రతి వాద్యం వరసా మళ్లీ రాసుకుని, కొత్తగా రికార్డు చేశారు. మిల్టన్, జిల్బెర్తో జిల్ లాంటి వాళ్లు వచ్చి పాడారు. అప్పటికి మొఆసిర్ బతికే ఉన్నాడు, ఈ గౌరవం ఆయన కళ్లతో చూశాడు. పాత రికార్డింగ్‌లో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన వాద్యాలు ఇందులో విడివిడిగా వినిపిస్తాయి. అయినా 1965లో ఉన్న ఆ బరువు, ఆ గరుకు ఇందులో లేవు. పాతది బాగా ఒంటబట్టాక కొత్తది పెట్టుకోండి, ఎక్కడ ఏ వాద్యం దాక్కుందో అప్పుడు తెలుస్తుంది.

వెరొకాయ్ అంత నచ్చాడు కాబట్టి ఇంకొక్క పేరు. సెలియా అని ఒక గాయని. కాంటినెంటల్ వాళ్లే 1971లో, 1972లో వేసిన ఆమె ఆల్బమ్‌లు రెండిటి పేరూ 'సెలియా'యే. రెండిటిలోనూ వెరొకాయ్ చెయ్యి ఉంది. 1972 దాంట్లో 'న బోకా దో సోల్' ఆమె పాడింది. అదే పాట వెరొకాయ్ ఆల్బమ్‌లోనూ ఉంది కదా, రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. నాకు సెలియా పాడిందే ఎక్కువ ఇష్టం. మీకేది నచ్చిందో ఇక్కడే రాయండి.